నిర్మూలన అన్న మాటతోనే నా పేచీ

దసరా సెలవులకు వచ్చిన మనవడు ఫోనులో ఏదో ఆట ఆడుతూ, "తాతయ్యా, బాండికూట్ అంటే ఏమిటి?" అని అడిగాడు. ఆలోచించకుండానే "పందికొక్కు" అన్నాను. వాడు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. అందులో బూట్లు తొడుక్కున్న నారింజ రంగు జంతువు ఒకటి గెంతుతోంది. "ఇదా పందికొక్కు?" అని నవ్వాడు. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి, తగ్గుతానా? నిఘంటువు తీశాను. మాట మనదే. తెలుగు పందికొక్కు ఇంగ్లీషువాళ్ళ నోట బాండికూట్ అయింది. వాళ్ళతో పాటే ఓడెక్కి ఆస్ట్రేలియా చేరి, అక్కడ పొడుగు ముక్కుతో నేల తవ్వుకునే ఇంకో జంతువుకు అంటుకుంది. అది ఎలుక జాతే కాదు. కంగారూలాగా పొట్ట సంచిలో పిల్లలను పెంచుకునే రకం.

వాడు మళ్ళీ ఆటలో పడ్డాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మన పేరు మోస్తున్నది ఎలుక కాకపోతే, అక్కడి అసలు ఎలుకల మాటేమిటి? వెతుకుతూ పోయి, ఆ దేశపు ఉత్తర కొసన డార్విన్ నగరం దగ్గర, అడిలైడ్ నది వరద మైదానంలో బతికే ఒక ఎలుక దగ్గర ఆగాను. శాస్త్రనామం రాటస్ కొలెట్టి. కొలెట్ అనే నార్వే జంతుశాస్త్రవేత్త పేరు మీద 1904లో పెట్టారు. మన పందికొక్కులాగే ఏటి ఒడ్డు బంకమట్టిలో బతికే ఎలుకకు నార్వే పేరు, ఏ పోలికా లేని సంచి జంతువుకు మన పేరు!

సరిగ్గా ఆ వారమే కోనసీమలోని మా ఊళ్ళో "సామూహిక ఎలుకల నిర్మూలన కార్యక్రమం" అని గోడకు కరపత్రం అంటించారు. నిర్మూలన అంటే వేళ్ళతో సహా పెరికెయ్యడం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఏటా పెరికేస్తూనే ఉన్నాం. నిరుడు నిజంగా పెరికేసి ఉంటే ఈ ఏడు కరపత్రం అచ్చు వేయాల్సిన అవసరం ఏముంది?

వాన మాట వినే ఎలుక

ఆ మైదానం గురించి చదువుతుంటే మా చేల గురించి చదువుతున్నట్లే ఉంది. బంకమట్టి నేల. ఎండాకాలంలో లోతుగా నెర్రెలు విచ్చుతుంది. ఆ ఎలుకలు నెర్రెల్లోకి దిగి ఎండలు గడుపుతాయి. వానలు పడగానే మట్టి ఉబ్బి నెర్రెలు పూడిపోతాయి, పైన నీళ్ళు నిలుస్తాయి, ఎలుకలు మెరక వెతుక్కుని గట్టెక్కుతాయి. వాటిని తిని బతికే నీటి కొండచిలువలు కూడా వాటి వెంటే కిలోమీటర్ల దూరం వలస పోతాయి. థామస్ మాడ్సెన్, రిచర్డ్ షైన్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి అక్కడే ఉండి ఎలుకలను, పాములను పట్టి, తూచి, లెక్క రాసుకున్నారు. వాన అదునుకు కురిస్తే ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి, వాన తప్పితే పడిపోతాయి, ఎక్కువైనా పడిపోతాయి. 2007 మార్చిలో వచ్చిన పెద్ద వరదకు ఎలుకలు దాదాపు తుడిచిపెట్టుకుపోతే, కొండచిలువలు తిండిలేక ఎముకల గూళ్ళయ్యాయి.

నన్ను కూర్చోబెట్టి చదివించింది ఇంకో ముక్క. ఈ లెక్కలన్నీ కట్టిన చోటు ఫాగ్ డ్యామ్ అనే ఒక ఆనకట్ట. 1950లలో అక్కడ హంప్టీ డూ అనే చోట భారీగా వరి పండిద్దామని సంకల్పించి దాన్ని కట్టారు. వరి దెబ్బతింది, పథకం మూలపడింది, ఆనకట్ట మిగిలింది. ఇప్పుడు జనం అక్కడికి పక్షులను చూడటానికి వెళతారట.

అదే మన దగ్గర చూడండి. కాటన్ 1847లో ధవళేశ్వరంలో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట గెలిచింది. వరి గెలిచింది. దాంతో పాటు ఎలుక కూడా గెలిచింది. ఈ చివరి వాక్యాన్ని మనం ఏ శిలాఫలకం మీదా చెక్కలేదు.

మన ఎలుకకు లాకుల పంచాంగం

మనం "ఎలుక" అని ఒక్క మాటతో సరిపెట్టేస్తాం గానీ, డెల్టా చేలలో ఉన్నది ఒక్క జాతి కాదు. మెత్తటి బొచ్చుతో ఉండే పొలం ఎలుక ఉంది, పిడికిట్లో ఇమిడిపోయే చిట్టెలుక ఉంది. గట్లను డొల్ల చేసి, కంకులు కోసి కలుగులోకి మోసేది మాత్రం పందికొక్కే. చూరులో పెట్టేబేడా కొరికే ఎలుకతో దీన్ని కలపకండి. ఇది మట్టి జీవి. ఈదగలదు. కలుగు నోరు లోపలి నుంచి మట్టితో మూసుకుని కూర్చుంటుంది. బయటి నుంచి ఓడలో వచ్చిన పురుగు కాదు, ఈ నేల సొంతం. మనకన్నా ముందు నుంచే ఇక్కడ ఉంది.

ఆనకట్టకు ముందు ఈ పందికొక్కు కూడా ఆ ఆస్ట్రేలియా ఎలుకలాగే వాన మాట వినేదని నా ఊహ. ఒక ఏడు వరద ముంచేది, ఒక ఏడు కరువు ఎండగట్టేది. కాలువలు వచ్చాక మనం ఏం చేశామో దాని వైపు నుంచి చూడండి. వరదలో తల దాచుకోవడానికి మెరక కావాలి: కాలువ గట్లు, బోదె గట్లు, పుంతలు, చేనుచేనుకూ గట్టు, డెల్టా అంతా మెరకల వల పరిచాం. తిండి కావాలి: వానాకాలపు వరి సార్వా పెట్టాం, అది కాగానే రెండో పంట దాళ్వా పెట్టాం, నీళ్ళు లేని చోట మినుము చల్లాం. ఎండాకాలం ఉండటానికి గడ్డిమేట్లు, కొబ్బరి తోటలు ఇచ్చాం. వాళ్ళ ఎలుకకు వాన పంచాంగమైతే మన ఎలుకకు లాకుల పంచాంగం. కాలువలకు నీళ్ళు కట్టేసే ఆ ఏప్రిల్, మే నెలలే దానికి కాస్త గడ్డు కాలం. మన యుద్ధం మాత్రం ఆ రెండు నెలల్లో ఎప్పుడూ మొదలవదు.

ఎప్పుడు మొదలవుతుందంటే, చేలో తెగిన దుబ్బులు కనిపించాక. అంటే వరి పొట్ట మీదికి వచ్చాక. పందికొక్కు ఈనేది కూడా అప్పుడే, ఎందుకంటే తిండి అప్పుడే ఉంటుంది. మూడు వారాల పైచిలుకులో ఈనుతుంది, ఈతకు ఆరో ఏడో పిల్లలు, ఆ పిల్లలు మూడు నెలలకే ఈతకు వస్తాయి. మొత్తం చేను పాలుపోసుకుంటున్న గింజతో నిండి ఉంటే, మనం నూకల్లో నూనె కలిపి, మందు కలిపి, పొట్లం కట్టి కలుగులో పెడతాం. విందు భోజనం మధ్యలో కూర్చున్నవాడికి చద్దన్నం పొట్లం ఇచ్చినట్లు.

కరపత్రంలో పద్ధతి తప్పు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మొదటి రోజు కలుగులన్నీ మట్టితో మూయాలి. రెండో రోజు తెరుచుకున్న వాటిలోనే మందు పొట్లం పెట్టాలి. నూకలు 96 పాళ్ళు, నూనె 2, బ్రోమోడయోలోన్ పొడి 2. అందరూ ఒకే రోజు చేయాలి. అన్నీ సరైన మాటలే. అయితే ఆ మందు మా ఊరు చేరేటప్పటికి చేను ఈనింది. వినాయక చవితి లోపు జరగాల్సిన పని దసరాకు వచ్చింది. అయినవిల్లి వినాయకుడి సీమలో ఉంటూ చవితిని లెక్క తప్పడం ఏమిటని నవ్వుకున్నాను గానీ, నవ్వే విషయం కాదు.

కలుగు తవ్విన రోజు

నాకున్నది ఎకరన్నర. కౌలుకు ఇచ్చాను. కౌలుదారు నా దగ్గర చదువుకున్నవాడే. ఒకనాటి పొద్దున్నే ఫోను చేసి, "మాస్టారూ, ఒక్కసారి వచ్చి చూసుకోండి, రేపు నేను చెబితే నమ్మరు" అన్నాడు. వెళ్ళాను. చేను మధ్యలో చాప పరిచినంత మేర దుబ్బులు ఏటవాలుగా, కత్తితో కోసినట్లు తెగి ఉన్నాయి. అంచుల్లో పైరు పచ్చగా నిలబడి ఉంది కాబట్టి గట్టు మీద నుంచి ఏమీ తెలియదు. పందికొక్కు తెలివంతా అక్కడే. యజమాని గట్టు దిగడని దానికి తెలుసు కాబోలు.

ఎలుకలు పట్టే పెద్దాయన కొడుకుతో కలిసి వచ్చారు. తాటాకు బుట్టలు భుజాన, చేతిలో పలుగు, అడుగున చిల్లి పెట్టిన కుండ ఒకటి. ఆయన చేలోకి చూడలేదు. గట్టు వెంట వంగి నడుస్తూ మట్టినే చూశారు. ఒకచోట ఆగి, కుప్పగా పడి ఉన్న మట్టిని వేళ్ళ మధ్య నలిపి, "ఇది రాత్రిదండీ" అన్నారు. నాలుగడుగుల అవతల అలాంటిదే ఇంకో కుప్ప ఉంటే, "ఇది పాతదండీ, ఇల్లు ఖాళీ చేసేసింది" అన్నారు. నాకు రెండూ ఒకలాగే కనిపించాయి. ముప్పై ఏళ్ళు పిల్లల దస్తూరీ చూసి ఎవరిదో చెప్పినవాణ్ణి, మట్టి దస్తూరీ మాత్రం చదవలేకపోయాను.

కుండలో గడ్డి కుక్కి, నిప్పు రాజేసి, చిల్లిని కలుగు నోటికి ఆనించి, మూతి వైపు నుంచి ఊదారు. అటు పక్క కొడుకు పారిపోయే దారి కనిపెట్టి కూర్చున్నాడు. పొగ మూడు చోట్ల నుంచి లేచింది. వాటిలో ఒకటి నేను నిలబడిన కొబ్బరి చెట్టు మొదట్లో. కాసేపటికి పలుగుతో తవ్వడం మొదలుపెట్టారు. లోపలి నుంచి పంది పిల్ల గుర్రుమన్నట్లు చప్పుడు వచ్చింది. ఆ పేరు ఎందుకు వచ్చిందో అరవై ఏడేళ్ళ వయసులో అప్పుడు అర్థమైంది నాకు. బొచ్చు నిక్కబొడుచుకుని బయటికి వచ్చిన దాన్ని ఆయన తోక దగ్గర పట్టుకున్న తీరు చూస్తే, దాని మీద కోపం ఉన్నట్లు అనిపించలేదు. వడ్రంగి చెక్కను పట్టుకున్నట్లు పట్టుకున్నారు.

తవ్వగా తవ్వగా లోపలి అరలో కంకులు బయటపడ్డాయి. తడి మట్టి గోడకు కుక్కి ఉన్నాయి. ఒడిలో పోసుకుంటే తవ్వెడు పైనే. కౌలుదారు చెయ్యి చాచాడు, "మా చేను గింజలే కదా" అన్నాడు. పెద్దాయన అతని వైపు చూడకుండా, "కలుగులో దొరికింది పట్టినవాడిదండీ, మా తాతల నాటి నుంచీ" అన్నారు. నేను మధ్యలో నిలబడ్డాను. కౌలుదారు మూడు బస్తాలు పోయినవాడు. పెద్దాయనకు ఎలుకకు ఇంతని ముట్టేది ఒక పూట కూలికి సరిపోదు. నేను భూమి నాదని కౌలు తీసుకునేవాణ్ణి, ఏ నష్టమూ లేనివాణ్ణి. నాకు మాట్లాడే హక్కు లేదనిపించి ఊరుకున్నాను. చివరికి కౌలుదారే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ పూట పదకొండు పట్టారు. కలుగులు తవ్విన గట్టును మళ్ళీ తొక్కి సాపు చేసి మరీ వెళ్ళారు. మందు పెట్టినవాడికి ఎన్ని చచ్చాయో తెలియదు, ఎక్కడ చచ్చాయో తెలియదు. ఈయన లెక్క చెప్పగలడు. ఏది పాత కలుగో, ఏది కొత్తదో, గట్టు ఎక్కడ డొల్లో చెప్పగలడు. ఇది విద్య. ఎలుకకు ఇంతని కాకుండా, సార్వాకు ముందు ఎకరానికి ఇంతని ఊరంతా కలిసి మాట్లాడుకుంటే తప్పేమిటని నా ప్రశ్న. ఎలుకకు ఇంతని ఇస్తే ఎలుకలు ఎక్కువున్న చేలోనే ఆయనకు బతుకు. ఎలుకలు లేకుండా చేసినందుకు ఇస్తే లెక్క తిరగబడుతుంది.

అంత సులువైతే

ఇక్కడి దాకా రాసి కౌలుదారుకు చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు. "బాగుంది మాస్టారూ, అయితే కొన్ని అడుగుతాను" అన్నాడు.

మొదటిది గట్లు. వరి దేశాల్లో ఎలుకల మీద పనిచేసినవాళ్ళంతా చెప్పే మాట, గట్టు సన్నగా ఉండాలని. అడుగు మించిన వెడల్పుంటే ఎలుక అందులో ఇల్లు కడుతుంది. "మీ గట్టు మీద కొబ్బరి చెట్లు ఎన్ని మాస్టారూ?" అన్నాడు. పద్నాలుగు. కాయలు నావి. చెట్టు నిలవాలంటే గట్టు మూడడుగులుండాలి. గట్టు మూడడుగులుంటే ఎలుక నిలుస్తుంది. వరి అతనిది. కోనసీమలో ఈ చిక్కు ఏ కరపత్రంలోనూ లేదు. నా కొబ్బరికాయల ఖర్చు అతని వరి కంకులు భరిస్తున్నాయని ఇన్నేళ్ళలో నాకు తట్టనేలేదు.

రెండోది నాట్లు. ఊరంతా ఒకేసారి ఊడిస్తే ఎలుకకు విందు తొందరగా ముగుస్తుంది, ఆ తర్వాత పస్తు. పంటకూ పంటకూ మధ్య ఆ పస్తే దాన్ని అదుపులో పెడుతుంది. అయితే కాలువ మొదట్లో ఉన్నవాడికి జూన్‌లో నీరు అందితే, శివారు చేనుకు ఎప్పుడో అందుతుంది. ఒకడు స్వర్ణ వేస్తాడు, అది 150 రోజుల పంట. పక్కవాడు 120 రోజుల రకం వేస్తాడు. మొదటి చేను కోసేసరికి ఎలుకలు మూటాముల్లె సర్దుకుని శివారు చేనుకు నడుస్తాయి. "శివారువాడికి ఎలుకలు ఎక్కువని అందరూ అంటారు, వాడు గట్లు సరిగా చూసుకోడని అంటారు. ఊరంతటి ఎలుకలూ చివరికి వాడి దగ్గరికే వస్తాయి మాస్టారూ" అన్నాడు. ఎలుకల సమస్య అనుకున్నది సగం నీటి సమస్య. మురుగు కాలువలు పూడిపోయి, 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటించిన రోజుల్లో కూడా మనం ఇదే నేర్చుకోవాల్సింది. ఒక్కో రైతు చేతిలో లేనిదాన్ని ఒక్కో రైతు నెత్తిన పెడుతున్నాం.

మూడో ప్రశ్న అతను అడగలేదు, నేనే వేసుకున్నాను. నేను ఈ జంతువును ముద్దు చేస్తున్నానా? ఎలుక మూత్రం కలిసిన బురదలో పనిచేసి లెప్టోస్పైరోసిస్ జ్వరం తెచ్చుకునేది నాట్లు ఊడ్చే ఆడవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు. వ్యాసాలు రాసేవాళ్ళు కాదు. మందే వద్దని నేను అనను. ఒక్క వారంలో చేను తెగిపోతున్నవాడికి నీతులు చెప్పలేం. కానీ జింక్ ఫాస్ఫైడ్ ఒకసారి తిని బతికిన ఎలుక మళ్ళీ ఆ ఎర ముట్టదన్న సంగతి మా ఊళ్ళో ఎలుకలకు తెలిసినంతగా మనుషులకు తెలియదు. బ్రోమోడయోలోన్ నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి ఎలుకకు అనుమానం రాదు, నిజమే. ఆ తిన్న ఎలుకను తినే గుడ్లగూబకు కూడా అనుమానం రాదు. ఇక చేను చుట్టూ కరెంటు తీగ లాగి, తెల్లారి ఆ తీగ మీదే రైతు ప్రాణాలు పోయాయని ఏటా ఎక్కడో ఒకచోట పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్లన్న సామెతను పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

నా తప్పు ఒకటి ఇక్కడ రాసుకోవాలి. మూడేళ్ళ క్రితం మా గడ్డిమేటులో బారెడు పొడుగు పాము కనిపిస్తే, తాచు అనుకుని కర్ర తెచ్చి కొట్టించాను. జెర్రిపోతు అది. చచ్చాక చూస్తే పొట్ట ఉబ్బెత్తుగా ఉంది. కొట్టినవాడు కర్రతో నొక్కితే పందికొక్కు తోక బయటికి వచ్చింది. ఆ రోజు అందరం నవ్వాం. అక్కడ ఫాగ్ డ్యామ్ దగ్గర శాస్త్రవేత్తలు ఒక్కో కొండచిలువనూ పట్టి, తూచి, గుర్తు వేసి వదిలిపెట్టారని ఈ మధ్య చదివినప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి ఇబ్బంది పడ్డాను.

పోనీ, ప్రకృతే చూసుకుంటుందిలే అనుకుందామా? 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, భోజనాల పొట్లాలతో పడవలో గోదావరి మధ్యనున్న లంకకు వెళ్ళాం. నీళ్ళలో మునిగిన ఒక పాక వెన్నుగాడి మీద పట్టపగలు ఎలుకలు వరసగా కూర్చుని ఉన్నాయి, మా పడవ పక్క నుంచి పోతున్నా కదల్లేదు. ఈ దెబ్బతో లంకలో ఎలుక అన్నది ఉండదని పడవ నడిపే అతను అన్నాడు. నేనూ నమ్మాను. సంక్రాంతికి అదే లంక రైతు సగం కొరికిన కంద దుంప ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. లంకను వరద కడిగేసింది, ఏటిగట్టు కడగలేదు. ఏటిగట్టు ఇవతల ఉన్న ఎలుకలన్నీ భద్రంగా ఉన్నాయి, ఆ గట్టు కట్టింది మనమే. ఆస్ట్రేలియా వరద చేయగలిగిన పని గోదావరి వరద ఇక చేయలేదు. దాని చేతులు మనం కట్టేశాం. కాబట్టి ఆ పని మనదే. ఏటా, అందరం కలిసి, చిన్నగా, వేళకు. దానికి నిర్మూలన అని పేరు పెడితే ఒకసారి చేసి చేతులు దులుపుకోవాలనిపిస్తుంది. ఊరి చెరువు పూడిక తీయడాన్ని ఎవరూ పూడిక నిర్మూలన అనరు.

మొన్న మే నెలలో కాలువలు కట్టేశాక మేమిద్దరం మొదలుపెట్టాం. కొబ్బరి చెట్లు కొట్టించడానికి మనసొప్పలేదు, చెట్టుకూ చెట్టుకూ మధ్య గట్టు మాత్రం చెక్కించాను, కూలి నేనే ఇచ్చాను. పెద్దాయనను ఎకరం లెక్కన పిలిచాను. అలాంటి బేరం ఎప్పుడూ వినలేదని మొదట నమ్మలేదు, సగం డబ్బు ముందే అడిగారు. నలభై రెండు కలుగులు మూశాం. తెల్లారి చూస్తే తెరుచుకున్నవి తొమ్మిది. ఆ తొమ్మిదీ పడమటి గట్టు మీదే, పక్క చేనుతో ఉమ్మడి గట్టు అది. అవతలి వైపు తుమ్మ మొక్కలు, ఏళ్ళ తరబడి చెక్కని మట్టి.

"వాళ్ళకు ఎవరు చెబుతారు మాస్టారూ?" అన్నాడు కౌలుదారు.

ఆ చేను ఆసామి హైదరాబాదులో ఉంటాడు. ఫోను చేశాను. అమ్మగారి ఆరోగ్యం అడిగాను, పిల్లల చదువులు అడిగాను, తర్వాత గట్టు సంగతి ఎత్తాను. అటు నుంచి కాసేపు మాట లేదు.

"ఎలుకల కోసమా ఫోను చేశారు?" అన్నాడు.

అవునన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు.